ఆమెన్‌కు ముందు ఆగిపోయిన మాట

పోయిన నెల ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. నేను పనిచేసిన మిషన్ ఆసుపత్రిలోనే వార్డు సేవకు కొత్తగా చేరారట. ఒకమ్మాయి నోటుపుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి, "అమ్మా, పేషెంట్ల దగ్గరికి పోయి ఏం మాట్లాడాలె?" అని అడిగింది. నేను టీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్లిపోయాను. ఇరవై తొమ్మిదేళ్లు చేసిన ఉద్యోగం గురించి అంతవరకు ఎవరూ అంత సూటిగా అడగలేదు. టీ ఇచ్చి, వాళ్ల ఊళ్ల ముచ్చట్లు అడిగి, సంగారెడ్డి బస్సు ఎక్కించి వచ్చాను. బస్సు కదిలాక సిగ్గేసింది. అందుకే ఇది రాస్తున్నాను. ఆ పిల్ల నోటుపుస్తకంలో రాసుకునేంత తేలిగ్గా ఉండదు, కానీ నా దగ్గర ఉన్నది ఇంతే.

మా ఉద్యోగానికి కాగితం మీద పేరు సువార్తికురాలు. రోగులు పెట్టిన పేరు ప్రార్థనమ్మ. పటాన్‌చెరు చుట్టూ ఉన్న కంపెనీల్లో చేతులు నలిగినవాళ్లు, పొలాల్లో పాము కరిచినవాళ్లు, కాన్పుకు వచ్చినవాళ్లు, ఊపిరాడని ముసలివాళ్లు మా వార్డుల్లో ఉండేవాళ్లు. మందులు డాక్టర్లు ఇస్తారు. పుండ్లు నర్సమ్మలు కడుగుతారు. మిగిలిన దానికి మేము.

నిలబడి చేసిన సంవత్సరాలు

చేరిన కొత్తలో నాది మహా చురుకు. మంచం కాళ్ల వైపు నిలబడి "బాగున్నవా తమ్మీ, నొప్పి తగ్గిందా?" అని అడిగి, జవాబు సగంలో ఉండగానే తలమీద కొంగు సర్దుకునేదాన్ని. నేను కొంగు సర్దుకున్నానంటే ప్రార్థన మొదలవుతుందని వార్డంతటికీ తెలుసు. ఏ మతం వాళ్లయినా మర్యాదకు కళ్లు మూసుకునేవాళ్లు. ముసలమ్మలు చెంగు కప్పుకునేవాళ్లు. బీహారు నుంచి వచ్చిన పిల్లలకు నా తెలుగు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆమెన్ దగ్గర మాత్రం అందరికంటే గట్టిగా పలికేవాళ్లు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆమెన్ అన్నాక మా దగ్గర ఎవరూ మాట్లాడరు. ఆమెన్ అంటే ప్రార్థన కూటం అయిపోయినట్టే, లేచి చెప్పులు వెతుక్కోవడమే. ఆసుపత్రిలో కూడా అంతే. రోగి ఏదో చెప్పబోతున్నా సరే, ప్రార్థన అయిపోయిందంటే ఇక ఆ మాట లోపలే ఉండిపోతుంది. నాకు ఇది తెలియక కాదు. తెలిసే వాడుకున్నాను. ఎవరైనా ఏడుపు మొదలుపెడితే, భర్త కొట్టిన సంగతో చచ్చిపోవాలనుందన్న సంగతో ఎత్తితే, నా చెయ్యి దానంతట అదే కొంగు మీదికి పోయేది.

మా పైన పాస్టరు అయ్యగారు ఒకాయన ఉండేవారు. మంచి మనిషే. ఒక్కనాడూ గొంతు పెంచి ఎరుగరు. కానీ సాయంత్రం ఆయన అడిగేది ఒకటే: "ఇయ్యాల అన్ని మంచాలు అయినయా రూతమ్మా?" నేను గొప్పగా "అయినయి అయ్యగారూ" అనేదాన్ని. మంచాలు అవ్వడమంటే ఏమిటో ఆయన అడగలేదు, నేనూ ఆలోచించలేదు. ఆయన ఇప్పుడు లేరు. ఉంటే ఒక్కసారి కూర్చోబెట్టి గట్టిగా పోట్లాడాలని ఉంది.

ఎస్తేరమ్మ స్టూలు

మా హెడ్ నర్సు ఎస్తేరమ్మ అంటే డాక్టర్లకు కూడా భయం. ఒకరోజు నేను వార్డులో చకచకా తిరుగుతుంటే వచ్చి నా జబ్బ పట్టుకుంది.

"ఏం రూతమ్మా, బస్సు పోతదా నీది?"

"లేదక్కా."

"మరి గా ఉరుకుడేంది? నువ్వు పోయేతందుకే నిలబడ్డవని వాళ్లకు తెల్వదా? గట్ల నిలబడ్డోళ్లకు ఎవలు చెప్పుకుంటరు?"

డ్రెస్సింగ్ రూములోంచి ఒక ఇనుప స్టూలు తెచ్చి నా ముందు పడేసింది. తెల్లరంగు పెచ్చులూడి, ఒక కాలికి గుడ్డ చుట్టి ఉండేది. ఆ స్టూలును రిటైరయ్యే దాకా ఈడ్చుకుంటూ తిరిగాను. గచ్చు మీద అది కిర్రుమంటే ప్రార్థనమ్మ వచ్చిందని మంచాల మీద తలలు తిరిగేవి.

స్టూలు మీద కూర్చున్న మొదటి రోజే కడుపు ఆపరేషన్ అయిన ఒకామె నావైపు విచిత్రంగా చూసింది. "ఏమైందమ్మా?" అంటే, "ఏం లేదు. మూడు దినాల సంది అందరు నా కుట్లనే సూస్తున్రు, మొఖం ఎవ్వలు సూడలే. నువ్వు సూస్తే జెర సిగ్గయితుంది" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వితే కుట్లు లాగి ఆమె అబ్బా అంది, ఎస్తేరమ్మ నన్ను తిట్టింది.

ఎస్తేరమ్మ దగ్గర నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. కొత్తగా మనిషిని పోగొట్టుకున్నవాళ్ల పక్కన "దేవుని చిత్తం" అనే మాట ఎత్తొద్దు. అది నిజమే కావచ్చు. కానీ ఆ క్షణంలో ఆ మాట చెప్పేది వాళ్ల కోసం కాదు, మనం అక్కడి నుంచి బయటపడడానికి. ఎవరు ఏమనుకున్నా ఈ మాట నేను వెనక్కి తీసుకోను.

ఇంత నేర్చుకున్నా నాకు అసలైనది అబ్బలేదు. కూర్చోవడం వచ్చింది గానీ కొంగు మీదికి పోయే చెయ్యి ఆగలేదు. అది మల్లేశం దగ్గర తెలిసింది. అప్పటికి నేను కొత్తదాన్ని కూడా కాను. ఉద్యోగంలో ఇరవై ఏళ్లు నిండాయి.

మల్లేశం

ఒక మందుల కంపెనీలో ఆవిరి గొట్టం పగిలి మల్లేశం ఒళ్లు కాలింది. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక మా దగ్గరికి తెచ్చారు. సొంత పొలం కొంత ఉన్నా, బోరు ఎండిపోయి కంపెనీకి పోతున్న మనిషి. నలభై దాటి ఉంటాయి. మా డాక్టరు చూసి, ఇక్కడ లాభం లేదు, సిటీకి తీసుకుపోవాలన్నారు. అంబులెన్సు వచ్చేదాకా ఒక గంట ఆగాలి. భార్య ఊళ్లో ఉంది, కబురు వెళ్లింది, దారిలో ఉందన్నారు.

కాలినవాళ్లు మొదట్లో తెలివితోనే ఉంటారు, మాట్లాడుతారు కూడా. ఆ సంగతి మీకు ముందే తెలియాలి, లేకపోతే భయపడతారు. నేను స్టూలు లాక్కుని తల దగ్గర కూర్చున్నాను. ఆయన నావైపు చూశాడు. మంచినీళ్లు అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు.

"అమ్మా" అన్నాడు. "పొద్దుగాల మా సత్తెవ్వ సద్ది కట్టిచ్చింది. నేను గది..."

'గది' అంటే అది, ఆమె కట్టిచ్చిన తిండి. అక్కడ గొంతు బొంగురుపోయింది. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. తుడవడానికి చర్మం లేని మొహం. పెదవులు కదులుతున్నాయి, ఊపిరి అందుకుని తర్వాతి మాట అనబోతున్నాడు. నేను చూడలేకపోయాను. ఆ వాసన, ఆ మొహం, ఆ కళ్లు. "ప్రార్థన చేసుకుందాం తమ్ముడూ" అని కొంగు కప్పుకున్నాను.

ప్రార్థనలో కళ్లు మూసుకోవాలి. ఆ రోజు నాకు కావలసింది అదే.

మల్లేశం పెద్దమనిషి. నేను మొదలుపెట్టగానే తన మాట ఆపుకున్నాడు. నేను ఆయన కుటుంబం కోసం, డాక్టర్ల కోసం, ఆ కంపెనీ కార్మికులందరి కోసం చేశాను. పొడుగ్గా చేశాను. బాగా చేశానని పక్క మంచం ఆమె తర్వాత మెచ్చుకుంది కూడా. ఆమెన్ అన్నాను. ఆయన కూడా ఆమెన్ అన్నాడు. కళ్లు తెరిచేసరికి స్ట్రెచర్ వచ్చింది, నలుగురు కలిసి దుప్పటితో సహా ఎత్తారు. సిటీలో వెంటనే నోట్లో గొట్టం వేశారట. మూడో రోజు పోయాడు. ఆమెన్ తర్వాత ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు.

డబ్బా

పదిహేను రోజులకు సత్తెవ్వ మా ఆసుపత్రికి ఏదో కాగితం కోసం వచ్చింది. ఎవరో నన్ను చూపించారట. వరండాలో నా ఎదురుగా కింద కూర్చుంది. నేను కూడా స్టూలు పక్కకు నెట్టి కిందనే కూర్చున్నాను.

"అమ్మా, మా ఆయన పక్కపొంటి నువ్వే ఉన్నవట. ఏమన్న అన్నడా?"

నేను జవాబు చెప్పేలోపే ఆమె తన గోడు వెళ్లబోసుకుంది. ఆ పొద్దున ఇద్దరికీ గొడవ అయిందట. ఆమె తమ్ముడి ఇంట్లో గృహప్రవేశం, సెలవు పెట్టమంటే ఆయన పెట్టలేదు. "నీకు మా పుట్టినింటోళ్లంటే గింతంత గూడ లెక్కలేదు" అందట ఈమె. ఆయన మాట్లాడలేదు. ఈమె కూడా మాట్లాడకుండా జొన్నరొట్టెలు, పుంటికూర డబ్బాలో పెట్టి ఇచ్చింది. తీసుకుని వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. తర్వాత కంపెనీ వాళ్లు ఆయన చెప్పులు, ఫోను, డబ్బా ఒక సంచిలో వేసి పంపించారు.

"డబ్బ కడిగి ఉన్నదమ్మా. తిన్నంక ఆయననే కడుగుతడు. మరి ఎవలన్న కడిగిన్రో ఏమో. ఆయనకు అలుక వస్తే అన్నం కుక్కలకు పెట్టేస్తడు. నా మీద కోపంతోనే పోయిండా? గా ఒక్క ముచ్చట తెలిస్తే సాలు నాకు. తిన్నడా, పారబోసిండా?"

నేను ఏ మాట దగ్గర కొంగు కప్పుకున్నానో అప్పుడు అర్థమైంది. ఆమె అడుగుతున్నది సరిగ్గా ఆయన అనబోయిన ఆ తర్వాతి మాట.

చెప్పాల్సింది. ఆయన ఇంతవరకు అన్నాడు, నేను ఆపేశాను, అని చెప్పాల్సింది. చెప్పలేదు. "ప్రశాంతంగ ప్రార్థనల ఉన్నడమ్మా. ఆమెన్ అన్నడు" అన్నాను. అందులో అబద్ధం ఎక్కడుందో వెతికితే దొరకదు. మొత్తం అబద్ధమే. సగం మాట చెప్పి ఆమెను ఇంకా బాధపెట్టడం ఎందుకని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు కారణం ఆమె బాధ కాదు. ప్రార్థనమ్మ అనే పేరు.

రజియాబీ

ఆ తర్వాత ఒక ఏడాది దాకా నేను వార్డులో ఎట్లా తిరిగానో నాకే సరిగా గుర్తులేదు. రజియాబీ వచ్చాకే కొంచెం దారిలో పడ్డాను. పటాన్‌చెరులో గాజుల దుకాణం ఆమెది. తుంటి ఎముక విరిగి మంచంలో ఉంది. నేను స్టూలు వేసుకుని కూర్చుని, రెండు మాటలు అడిగి, అలవాటు కొద్దీ కొంగు మీద చెయ్యి వేశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

"జల్దీ ఏమున్నదమ్మా? దువా తర్వాత చేద్దువు గని. మా అల్లా, మీ దేవుడు యాడికి పోతరు, ఉంటరు. నేనే పోతున్న రేపు ఆపరేషన్‌కు. ముందు నా ముచ్చట ఇను."

విన్నాను. ఎనిమిదేళ్ల వయసులో జ్వరంతో పోయిన కూతురి గురించి చెప్పింది. ఆ పిల్ల పెళ్లికని అప్పటికే దాచిపెట్టిన లక్క గాజుల గురించి, వాటిని ఇప్పటికీ అమ్మలేక దుకాణంలో పైఅరలో పెట్టడం గురించి చెప్పింది. మధ్యలో అరగంట ఏమీ మాట్లాడలేదు, కప్పు వైపు చూస్తూ పడుకుంది. నేను కూడా మాట్లాడలేదు. ఆ అరగంట నాకు ఎంత కష్టమైందో చెప్పలేను. ఇరవై సార్లు నోటిదాకా మాట వచ్చింది. పళ్లు బిగించుకుని కూర్చున్నాను. చివరికి ఆమె నావైపు తిరిగి, "ఇగ చెయ్యి. ఇప్పుడు ఎరుకే గద నీకు, ఏమడగాల్నో" అంది.

నేను నా ప్రభువు గురించి ఆ రోజు కొత్తగా ఆలోచించాను. బైబిల్లో గుడ్డివాడు ఎదురుగా వచ్చి నిలబడితే, చూడగానే తెలిసే సంగతే అయినా, ఆయన ఏం కావాలని అడిగాడు. అడిగి, ఆ మనిషి నోటి నుంచే జవాబు వచ్చేదాకా ఆగాడు. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో ఆ సంగతి, ఆగాడన్నది మాత్రం ఎన్నడూ పట్టించుకోలేదు. ఆ తర్వాత ఏడెనిమిదేళ్లు నేను ఎక్కువ విన్నాను, తక్కువ ప్రార్థించాను. మంచాలు అన్నీ అయ్యేవి కావు. కొత్తగా వచ్చిన అయ్యగారు విసుక్కునేవారు. విసుక్కోనిచ్చాను.

కానీ ఒకరి మాట వింటున్న ప్రతిసారీ వెనకాల మల్లేశం పెదవులు కదిలేవి. ఊపిరి అందుకుంటున్న ఆ పెదవులు. ఒక్క పావుగంట వెనక్కి దొరికితే చాలు, ఆ స్టూలు మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు తెరుచుకుని ఉంటాను. ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగంలో మళ్లీ కావాలని నేను అడిగేది అదొక్కటే. రాదని తెలిసినా అడుగుతూనే ఉన్నాను.

ఆమెది ఆమెకు

రిటైరయ్యాక ఒక రోజు పటాన్‌చెరులో బస్సు కోసం నిలబడితే, "ప్రార్థనమ్మా!" అని ఎవరో పిలిచారు. సత్తెవ్వ. జుట్టు నెరిసింది. సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాలు చేసే కంపెనీలో ప్యాకింగు పని చేస్తోందట. పక్కన ఆమెతో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లకు నన్ను చూపించి, "మా ఆయనకు ఆఖరి ప్రార్థన ఈమెనే చేసింది. మల్ల ఈమె రుణం తీర్చుకోలే నేను" అంది. వాళ్లు నాకు దండం పెట్టారు.

నేను ఆ బస్సు ఎక్కలేకపోయాను. వాళ్లు వెళ్లేదాకా ఆగి, ఆటో మాట్లాడుకుని ఇంటికి వచ్చాను. వచ్చే మంగళవారం ఆమెకు సెలవని మాటల్లో చెప్పింది. ఆ మంగళవారం ఇస్మాయిల్‌ఖాన్‌పేట దాటి వాళ్ల ఊరికి వెళ్లాను.

సత్తెవ్వ అప్పుడే భవాని గుడికి పోయి వచ్చింది. ప్రసాదం కొబ్బరిముక్క నా చేతిలో పెట్టబోయి, "మీరు తినరు గద" అని నవ్వి, పక్కన పెట్టి, టీ తెచ్చింది. అరుగు మీద కూర్చున్నాం. గోడ గూట్లో, మల్లేశం ఫోటో పక్కన, ఆ స్టీలు డబ్బా ఉంది. తోమి తోమి మెరుస్తోంది.

"సత్తెవ్వా, నీకొకటి చెప్పాలె. పదకొండేండ్ల కిందనే చెప్పాల్సింది. మల్లేశం ఆ రోజు నీ ముచ్చట తీసిండు."

గ్లాసు కింద పెట్టింది.

"'అమ్మా, పొద్దుగాల మా సత్తెవ్వ సద్ది కట్టిచ్చింది, నేను గది' అన్నడు. ఆ మాట కాడ..."

"తిన్న అన్నడా?"

"అననియ్యలే నేను. నాకు భయమైంది. కొంగు కప్పుకొని ప్రార్థన మొదలువెట్టిన."

సత్తెవ్వ నా మొహంలోకి చూసింది. నేను అనుకున్నట్టు ఏడవలేదు.

"పదకొండేండ్లు" అంది. "పదకొండేండ్లు నీ దగ్గర వెట్టుకున్నవా? గా మాట నాది గద ప్రార్థనమ్మా. ఆయన నీకు చెప్పింది నీ కోసమా? నాకియ్యమని గద."

లేచి లోపలికి వెళ్లిపోయింది. గిన్నెలు విసిరేసిన చప్పుడు వినపడింది. నాకు వెళ్లిపోవాలనిపించింది. క్షమించమని అడగాలనిపించింది. చెయ్యి కొంగు అంచు దాకా పోయింది కూడా. ఆ చెయ్యిని ఇంకో చేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాను. ఎండ అరుగు మీద నుంచి వాకిట్లోకి జరిగింది. టీ చల్లారిపోయింది. అట్లాగే కూర్చున్నాను.

ఎంతసేపటికో బయటికి వచ్చి, నా ఎదురుగా చతికిలబడి కూర్చుంది. మొహం కడుక్కుని వచ్చింది.

"కోపంతోని అన్నడా?"

"లేదు. మెల్లగ అన్నడు. కండ్లల్ల నీళ్లు వచ్చినయి."

"మా సత్తెవ్వ అన్నడా?"

"అన్నడు."

"మల్ల చెప్పు. ఆయన ఎట్ల అన్నడో గట్లనే."

చెప్పాను. ఆయన గొంతు నాకు రాదు, కానీ ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో, ఎక్కడ బొంగురుపోయిందో అన్నీ గుర్తున్నాయి, అట్లాగే చెప్పాను. "నేను గది" దగ్గర ఆగాను. ఆమె కళ్లు ఆర్పకుండా నా పెదవుల వైపే చూస్తోంది, ఇంకేదో వస్తుందన్నట్టు.

ఇప్పుడు నెలకొక మంగళవారం వెళ్తున్నాను. కాసేపు ఊరి సంగతులు, కంపెనీ సంగతులు చెబుతుంది. తర్వాత డబ్బా తెచ్చి ఒళ్లో పెట్టుకుని "ఇగ చెప్పు" అంటుంది. చెబుతాను. ప్రార్థన చెయ్యమని ఆమె అడగలేదు, నేనూ చెయ్యలేదు. "నేను గది" అని నేను ఆగుతాను. అక్కడ ఇద్దరం, కళ్లు తెరుచుకునే, మల్లేశం కోసం ఎదురుచూస్తాం.